రంగు పట్టని ప్రాణం

మిర్చి యార్డులో మనిషిని చంపడం తేలిక. ఊపిరాడక దగ్గినా, కళ్లనీళ్లతో గొంతు పట్టుకున్నా, పక్కవాడు ఘాటెక్కిందనుకుంటాడే తప్ప ప్రాణం పోతోందనుకోడు.

గూఢచార విభాగం ఏజెంట్ శ్రీకృష్ణ అలాగే పోయాడు. పట్టపగలు, గుంటూరు యార్డులో, మిరపకాయల టిక్కీ బస్తాల వరసల మధ్య. హమాలీలు పరుగెత్తుకొచ్చి మొహాన నీళ్లు చల్లారు. ఒకాయన బెల్లం ముక్క నోట్లో పెట్టబోయాడు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు మార్చురీలో గానీ బయటపడలేదు.

మర్నాడు పొద్దున్నే నాగేంద్రబాబుకి పిలుపొచ్చింది.

నాగేంద్రబాబు రెండు నెలలుగా గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ల్యాబ్‌లో టెక్నీషియన్ వేషంలో ఉన్నాడు. పొద్దస్తమానం కారప్పొడి శాంపిళ్లు, స్లైడ్లు, రంగులు, మైక్రోస్కోపు. ఎక్స్‌పోర్టుకు వెళ్లే సరుకులో బ్యాక్టీరియా ఉందో లేదో చూసి రిపోర్టు ఇవ్వాలి. వేషమే అయినా పని నిజం. అబద్ధపు రిపోర్టు ఇవ్వడానికి అతనికి చేతులు రావు. నాన్న చెంచురామయ్య కౌలు మిరప వేసి చదివించాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి అతనే.

పై అంతస్తు గదిలో, ఎక్స్‌పోర్టు ఇన్‌స్పెక్టరు వేషంలో, చీఫ్ నసీమున్నీసా కూర్చుని ఉన్నారు. కుశలప్రశ్నలు లేవు.

"వాడి పేరు విక్టర్. పేరూ దొంగదే, పాస్‌పోర్టూ దొంగదే. విత్తనాల సైంటిస్టునని చెప్పుకు తిరుగుతున్నాడు. వెనకాల విదేశీ ముఠా ఉంది. వాడి దగ్గరొక స్టీలు ఫ్లాస్కు ఉంది. దాన్నిండా తెగులు బూజు బీజాలు, స్పోర్లు."

"దేనికి మేడమ్?"

"మిరప విత్తనానికి. రంగుమందు పట్టించే డ్రమ్ములో కలిపేస్తే చాలు, రైతే తన చేత్తో పొలంలో చల్లుకుంటాడు. ఒకసారి నల్లరేగడిలోకి దిగిందా, ఇటు గుంటూరు, అటు ప్రకాశం, ఏళ్ల తరబడి మిరప మొక్క నిలవదు. మన దగ్గర కొనేవాళ్లంతా వాళ్ల దేశం దారి పడతారు."

ఆవిడ గొంతు కాస్త తగ్గించారు.

"హారిక నీకు తెలుసు కదా?"

తెలుసు. ఎమ్మెస్సీలో క్లాస్‌మేట్. ఒకే బల్ల, ఒకే మైక్రోస్కోపు. ఆమె రెండేళ్లుగా మన తరఫున విక్టర్ ముఠాలో పనిచేస్తోంది. ముఠా మాత్రం ఆమె తమ మనిషేననుకుంటోంది.

"శ్రీకృష్ణని నిన్న యార్డుకి రమ్మన్నది హారికే. అందుకని ఇప్పుడామె ఎవరి మనిషో నాకు తెలియడం లేదు" అన్నారు చీఫ్. "ఫ్లాస్కు యడ్లపాడు దగ్గర విత్తనాల గోడౌన్లో ఉందని ఆమె చెబుతోంది. కాదు, పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో దాచారని మన వేగులు చెబుతున్నారు. నా దగ్గరున్నది ఒక్క టీమ్. పంపితే ఒక్కచోటికే పంపగలను."

దారి కూడా ఆవిడే చెప్పారు. హారిక ఈ పూట ఫ్లాస్కులోంచి శాంపిల్ తెస్తుంది. స్పోర్లు బతికుంటే ఆమె చెప్పింది నిజం, టీమ్ యడ్లపాడు వెళుతుంది. చచ్చినవైతే ఆమె ఎర చూపిస్తున్నట్టు, టీమ్ పిడుగురాళ్ల వెళుతుంది. కోడ్ రెండు మాటలు. బతికుంటే 'తేజ', ఈ నేలలో పండే ఘాటు రకం. చచ్చుంటే 'తాలు', ఆడవాళ్లు కల్లంలో ఏరి అవతల పారేసే పాలిపోయిన కాయ.

"ఫోనులో ఒక్క మాట చాలు. జాగ్రత్తగా చూడు నాగేంద్రా. ఆ మాట మీద ఒక మనిషి బతుకుంది."

హారిక పదకొండు దాటాక వచ్చింది. నల్లకళ్లద్దాలు, మెరూన్ రంగు గోళ్లు, మంగళగిరి చీరలో ఎవరో పెద్ద ఎక్స్‌పోర్టరు సెక్రటరీలా. ల్యాబ్‌లో ఉన్న ఇద్దరు కమీషన్ వ్యాపారులు మాట మధ్యలో ఆపి మరీ చూశారు. ఆమె కారప్పొడి పొట్లం బల్ల మీద పెట్టి, మా సారు రిపోర్టు ఇవాళే కావాలన్నారని గట్టిగా దబాయించింది. పొట్లం పక్కనే ఒక లిప్‌స్టిక్ పెట్టింది. అది లిప్‌స్టిక్ కాదు. అడుగుభాగం తిప్పితే అందులో వేలెడు గాజు గొట్టం.

వ్యాపారులు టీకి కిందికి దిగాక కళ్లద్దాలు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఏరా, నీకు కూడా నా మీద అనుమానమేనా?"

"నా అనుమానంతో పనేముంది హారికా. స్లైడ్ ఏం చెబితే అదే."

"శ్రీకృష్ణని రమ్మన్నది నేనే. జనంలో అయితే ఎవరి కంటా పడమనుకున్నాను. విక్టర్ నా వెనకాలే వచ్చాడు." ఆమె కాసేపు గోళ్లు చూసుకుంది. "భోజనాలయ్యాక డ్రమ్ము తిప్పుతారు. ఆ వెంటనే రైతులకి పంచుతారు. నేను లోపలే ఉంటాను. మీవాళ్లు రావడం ఆలస్యమైతే ఫ్లాస్కు నేనే లాక్కుంటా."

"ఒక్కదానివే వద్దు."

"అయితే త్వరగా పంపించు."

నవ్వబోయి, ఆ నవ్వు మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయింది.

నాగేంద్రబాబు తలుపు గడియ పెట్టాడు. గొట్టంలోంచి ఒక్క చుక్క స్లైడ్ మీదికి తీసి, లూపు తీగతో పలచగా పరిచాడు. ఆరనిచ్చాడు. బర్నరు వెలిగించి, మంట మీదుగా స్లైడ్‌ని రెండు మూడుసార్లు పోనిచ్చాడు. వేడి సరిపోయిందో లేదో ముంజేతికి తాకించి చూసుకున్నాడు. మిథిలీన్ బ్లూ పోశాడు. కాసేపాగి, సన్నటి ధార కింద కడిగి, అద్దుడు కాగితంతో తడి అద్ది, మైక్రోస్కోపు కింద పెట్టాడు.

ఈ రంగు ధర్మం చాలా సాదాది. ప్రాణమున్న కణం దాన్ని తన లోపల నిలవనివ్వదు, తెల్లగా ఉండిపోతుంది. చచ్చిన కణానికి ఆ శక్తి ఉండదు. ఎంత పోస్తే అంత తాగి నీలంగా మారుతుంది.

నాగేంద్రబాబు కన్ను ఆనించాడు. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా స్లైడ్ జరిపాడు. అంతా నీలం. తెల్లగా మిగిలిన స్పోరు ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఒకే బల్ల దగ్గర రెండేళ్లు పక్కపక్కన నిలబడిన పిల్ల. రికార్డులు రాయలేక బద్ధకిస్తే తిట్టి రాయించిన పిల్ల. ఇంకో స్లైడ్ వేద్దామా అని మనసు పీకింది. ప్రేమ కొద్దీ రెండోసారి చూడటం డ్యూటీ కాదని దాన్ని నోరు మూయించాడు. ఫోను తీశాడు.

"తాలు, మేడమ్."

చీఫ్ "సరే" అని ఫోను పెట్టేశారు. టీమ్ పిడుగురాళ్ల దారి పట్టింది.

అన్నం సయించలేదు. ఊరికే కూర్చుంటే ఆలోచనలు తినేస్తాయని, హారిక దబాయించి ఇచ్చిపోయిన కారప్పొడే పనిలోకి తీసుకున్నాడు. రోజూ చేసే పనే. చుక్క పెట్టాడు, పరిచాడు, ఆరనిచ్చాడు, మంట మీదుగా పోనిచ్చాడు. ముంజేతికి తాకించుకున్నాడు.

చురుక్కుమంది.

తలతిప్పి బర్నరు వైపు చూశాడు.

మంట. ఇందాక స్పోర్ల స్లైడ్‌ని కూడా మంట మీద పెట్టాడు. పరిచిన బ్యాక్టీరియా పొర గాజుకు గట్టిగా అంటుకోవాలంటే వేడి చూపించాలి. ఆ వేడికి స్లైడ్ మీదున్నదల్లా చస్తుంది. క్రిమి రూపం చూసే పనికి చచ్చినా ఫరవాలేదు గనక అది పద్ధతే. బతికుందా చచ్చిందా అని చూడాల్సిన పనికి మాత్రం అదే హత్య. వేడి చూపించని స్లైడ్ తెస్తే మార్కులు కోసేసేవారు కాలేజీలో. రెండు నెలల వేషంలో రోజుకి ముప్పై స్లైడ్లు. కవర్ కోసం పెట్టుకున్న ఉద్యోగం మనసుని అడగకుండానే చేతుల్లోకి దిగిపోయింది.

గొట్టంలో మిగిలిన చుక్క తీశాడు. పచ్చి చుక్క, పచ్చి రంగు, పైన కవర్‌స్లిప్ గాజుముక్క. మంట ఆర్పేశాడు.

కన్ను ఆనించేసరికి నీలపు నీళ్లలో వందల కొద్దీ స్పోర్లు. అన్నీ తెల్లగా, పాలిపోయి, కల్లంలో ఏరి పారేసిన తాలుకాయల్లా. అన్నీ బతికి ఉన్నాయి.

"తేజ, మేడమ్. తేజ. తప్పు నాదే."

చీఫ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. టీమ్ పిడుగురాళ్ల చేరిపోయిందని, వెనక్కి రావడానికి గంట పైనే పడుతుందని, ఒంటరిగా వెళ్లొద్దని అన్నారు. చివరి మాట వినేసరికే అతను బైకు మీదున్నాడు.

యడ్లపాడు గోడౌన్ ముందు రైతులు నీడపట్టున కూర్చున్నారు. వాళ్లకి బదులు చెప్పులు ఎండలో వరస కట్టి క్యూలో నిలబడి ఉన్నాయి. నాగేంద్రబాబు తెల్లకోటు, శాంపిల్ పెట్టె చూపించి, ల్యాబ్ నుంచి వచ్చానన్నాడు. గేటు దగ్గరివాడు ఆపలేదు.

లోపల ఎర్రరంగు పులిమిన పెద్ద ఇనుప డ్రమ్ము ఆగి ఉంది, మూత తెరిచి ఉంది. దాని పక్కన నేల మీద హారిక. పక్కకి ముడుచుకుని, ఫ్లాస్కుని రెండు చేతుల్తో పొట్టకి అదుముకుని పడి ఉంది. విక్టర్ మోకాలి మీద కూర్చుని ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తున్నాడు. డ్రమ్ము తిప్పే బుల్లయ్య రంగు మగ్గు పట్టుకుని బిత్తరపోయి నిలబడ్డాడు.

"ఏందయ్యా నువ్వు, పిల్ల పడిపోయి కొట్టుకుంటుంటే డబ్బా లాక్కుంటావేంది?" అంటున్నాడు.

చివరి వేలు ఊడింది. విక్టర్ ఒక్క ఉదుటున లేచి, మూత తిప్పుతూ చెయ్యి డ్రమ్ములోకి చాపాడు. నాగేంద్రబాబు ఇంకా గోడౌన్ సగంలోనే ఉన్నాడు. అందడు.

"పెద్దాయనా, మూత వెయ్యి!"

ఎవరు, ఎందుకు అని బుల్లయ్య అడగలేదు. మూత వెయ్యమంటే వెయ్యడం అతని ఉద్యోగం. ఇనుప మూత విక్టర్ మణికట్టు మీద దభీమని పడింది. ఫ్లాస్కు ఇవతలికి జారింది. నాగేంద్రబాబు నేల మీద బోర్లా దూకి దాన్ని అందుకున్నాడు. ఫ్లాస్కు మూత ఊడటానికి ఒక్క మర మిగిలి ఉంది.

బిగించి, శాంపిల్ పెట్టెలో పెట్టి తాళం వేసేలోపు, కేకలు విన్న రైతులు లోపలికొచ్చి విక్టర్ని తువ్వాళ్లతో స్తంభానికి కట్టేశారు. జేబులో సూది పెట్టె దొరికింది. ఒక సూది ఖాళీ.

నాగేంద్రబాబు హారిక తల ఒళ్లోకి తీసుకున్నాడు. అంబులెన్స్ అని అరిచాడు. అది వచ్చేలోపు ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు.

"మీవాళ్లేరీ?" అంది. గాలి తప్ప గొంతు లేదు.

"చచ్చినవని చెప్పాను. టీమ్ అటు వెళ్లిపోయింది."

"బతికున్నవే తెచ్చాను కదరా."

"స్లైడ్‌ని మంట మీద పెట్టాను హారికా."

ఆమెకి ఇంకేమీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. అదే బల్ల దగ్గర చదివిన పిల్ల. అతని మొహంలోకి చూసింది. పెదాల చివర నవ్వు లాంటిది కదిలింది.

"ప్రాక్టికల్స్‌లో నీకే కదరా ఫుల్ మార్కులు" అంది.

ఆ తర్వాత మాట్లాడలేదు. మెరూన్ గోళ్ల చుట్టూ వేళ్లు నీలంగా మారడం అతను చూస్తూ కూర్చున్నాడు.

చీఫ్ వచ్చేసరికి పొద్దు వాలింది. టీమ్ వాళ్లు విక్టర్ని జీపెక్కించారు. ఫ్లాస్కు సీలైంది. ఆపరేషన్ సక్సెస్ అని ఢిల్లీకి కబురు కూడా వెళ్లింది. రిపోర్టులో తన తప్పు రాయమని నాగేంద్రబాబు అడిగాడు. చీఫ్ చాలాసేపు హారిక మీద కప్పిన దుప్పటి వైపే చూసి, నీ స్లైడ్ కన్నా ముందు తప్పు చూసినవి నా కళ్లు, ఆ పిల్లని అనుమానించింది నేను, ముందు నాది రాస్తాను, తర్వాత నీది అన్నారు.

విత్తనాలు చెడలేదు. చీకటి పడకముందే పంచేశారు. జరిగిందేమిటో బయట రైతులకు పూర్తిగా ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదు కూడా. వరసలో చివరి చెప్పుల జత తాలూకు ముసలాయన సంచి భుజానికెత్తుకుని, గేటు దగ్గర తెల్లకోటుతో నిలబడ్డ నాగేంద్రబాబుని చూసి ఆగాడు.

"మధ్యాహ్నం ఇస్తామన్న ఇత్తనాలు ఇప్పుడా అయ్యా ఇచ్చేది? మీ గవర్నమెంటోళ్లు ఎప్పుడూ ఇంతే. అంతా అయిపోయినాకే వస్తారు."

"అవునండి" అన్నాడు నాగేంద్రబాబు.

ఆ రోజు మొత్తంలో తప్పు లేకుండా వచ్చిన రిపోర్టు అదొక్కటే.