అంతోనమ్మ ఇచ్చిన పూసల డబ్బా

బంగారు గని కూలీలకని కట్టిన చాంపియన్ రీఫ్స్ లైను ఇళ్ళల్లో ఎవాంజలిన్ గుచ్చిన పూసల దండంటే ఆడపిల్లలకు ప్రాణం. గనులు మూతబడినాక మగవాళ్ళు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయేవాళ్ళు, ఇంటి పట్టున మిగిలిన ఆడవాళ్ళు చేతనైన పనేదో చేసుకునేవాళ్ళు. ఎవాంజలిన్‌కు చేతనైంది పూసలు గుచ్చడం. కొన్న పూసలు కాదండోయ్, అన్నీ ఒకరిచ్చినవే! ఎవరింట్లో దండ తెగినా, ఏ పెళ్ళిచీర పూసలు రాలినా "పారేసేదెందుకు, ఎవాంజలిన్ ఒళ్ళో పోసేస్తే పోలా" అని తెచ్చేవాళ్ళు. ఆమె వాటిని కడిగి, రంగు చూసి, సైజు చూసి, ఇచ్చినవాళ్ళే గుర్తుపట్టలేనంత సొగసుగా గుచ్చేది.

అట్లాగే ఒకరోజు అంతోనమ్మ అవ్వ పాత బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చింది. గనిలోకి దిగే షాఫ్టు దగ్గరుండే మాత గుడి ఊడ్చి దీపం పెట్టి ముసలిదైపోయిన మనిషి ఆమె. గుడి గోడ పడిపోతే మాత స్వరూపాన్ని చర్చికి చేర్చారు. అవ్వను మనవడు రూబెన్ మాలూరుకు తీసుకుపోతానన్నాడు. అక్కడ ఫ్యాక్టరీలో వాడికి ఉద్యోగం.

"మాత చీర అంచుకు కుట్టి పెట్టమ్మా. మిగిలితే నీకాడే ఉంచుకో" అంది అవ్వ.

మూత తీయగానే వాన పడ్డ రాతి వాసన, దాని వెనకే కాలిన మందుగుండు వాసన గుప్పుమన్నాయి. డబ్బా నిండా పూసలు. కొయ్యవి, గాజువి, అడుగున పాలమీగడ రంగులో ఎముక పూసలు. ఎవాంజలిన్ కుంకుడు రసంలో నానబెట్టి, రుద్ది, మళ్ళీ నానబెట్టింది. మురికి పోయింది గానీ వాసన పోలేదు. పోనీలే, ఎండకు అదే పోతుందనుకుంది పాపం.

మాత చీర తయారైంది. ఎముక పూసలు మిగిలాయి. వాటిని చూడగానే ఆమెకు కూతురు షర్మిల గుర్తుకొచ్చింది. తెల్లారితే పిల్లకు చర్చిలో మొదటి సత్ప్రసాదం ఇచ్చే పూజ, తెల్ల గౌను ఇస్త్రీ చేసి చిలక్కొయ్యకు తగిలించి ఉంది. పెళ్ళయిన ఎన్నాళ్ళకో వేళాంకన్ని మాతకు మొక్కుకుంటే పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ. దాని కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎవాంజలిన్‌కు అన్నం దిగదు. అలాంటి బిడ్డను ఆ రోజు బోసి మెడతో పంపుతుందా?

సాయంత్రం వాన పట్టుకుంది. ఎవాంజలిన్ దండ గుచ్చడం ముగించి పిల్లను ముందర కూర్చోబెట్టుకుంది.

"వేలాడగూడదమ్మా. మెడకు అంటుకోని ఉండాల" అంది షర్మిల.

"సరేలే మహారాణీ. కదలొద్దు."

కొక్కెం పెడితే పిల్ల ఆటల్లో ఊడగొట్టుకుంటుందని, మెడ మీదే నైలాన్ దారం కొసలు రెండూ కలిపి ముడేసింది. దాని మీద ఇంకో ముడి. పళ్ళతో బిగించి, మిగిలిన దారం మొదలంటా కొరికేసింది. రేపు పూజయినాక కత్తిరిస్తే సరిపోతుంది. అద్దంలో చూసుకుని షర్మిల మురిసిపోయింది. తల్లికి కళ్ళు చెమ్మగిల్లాయి.

అప్పుడే కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగిస్తూ ఉంటే తలుపు చప్పుడైంది. అంతోనమ్మ అవ్వ తల మీద గోనెసంచి కప్పుకుని వచ్చింది.

"రేప్పొద్దున బస్సుకే మాలూరు పోతాండానమ్మా. బిడ్డకు దీవెన ఇచ్చిపోదామని..."

పిల్ల నుదుట సిలువ గుర్తు వేయబోయిన చెయ్యి గాలిలోనే ఆగింది. అవ్వ కొవ్వొత్తి అందుకుని పిల్ల మెడ దగ్గర పెట్టింది. మంట వణికింది.

"ఇవి... ఆ డబ్బాలోవేనా?"

"అవునవ్వా, మిగిలినవి. బాగుండాయి కదా?"

"ముడేసినావా?"

ఎవాంజలిన్ నవ్వింది. "ముడెయ్యకుంటే మెడలో యాడ నిలుస్తాదవ్వా?"

అవ్వ నేల మీద కూలబడింది. "అయ్యో నా తల్లీ... నువ్వు బేతమంగళ నుంచి ఈడికి కోడలుగా వచ్చిన పిల్లవి. నీకెవురు చెప్పుంటారు? ఈ లైన్లో పుట్టినోళ్ళకు ఒకరు చెప్పే పనిలేదు. నీకూ తెలుసనుకున్నా..."

ఆమె గొంతు గుసగుసలోకి దిగింది. గనిలోకి దిగే మగవాళ్ళు మెడలోని జపమాల ముడి విప్పి, గుడి గోడకున్న మేకుకు తెరిచిన దారంగా తగిలించి దిగేవాళ్ళట. పని ముగించి పైకొచ్చినాక ఎవరిది వాళ్ళు తీసుకుని, మాత ముందర ముడేసి మెడలో వేసుకునేవాళ్ళట. ఆ ముడే మాట. వచ్చేసినాను తల్లీ, అని.

"రానోళ్ళవి అట్లే ఏలాడతాండేవి. బండ పగిలి కిందనే పూడిపోయినోళ్ళవి. వాటిని ఎవురూ ముట్టరు. దారం కుళ్ళి పూసలు రాలితే నేను ఏరి డబ్బాలో పోసినా. చీరకు కుడితే మాత ఒళ్ళో ఉంటారనుకున్నా... మెడకు చుట్టి ముడేస్తావని నేననుకోలా బిడ్డా. ముడేస్తే వాళ్ళను పైకి రమ్మని పిలిచినట్టే. మా ఆయన అమోసువీ దాంట్లోనే ఉండాయి."

ఎవాంజలిన్ చెయ్యి పిల్ల మెడ మీదికి పోయింది. నోరు తెరిచి ఏదో అనబోయింది. అవ్వ వేలు పెదవుల మీద పెట్టుకుంది.

బయట వాన చప్పుడులో ఇంకో చప్పుడు.

రబ్బరు బూట్ల చప్పుడు. నీళ్ళు నిండిన బూట్లు... చప్, చప్... ఒకరిది కాదు. గనిలో పని వదిలినప్పుడు గేటు దగ్గర తోసుకునే గుంపు లాగా బోలెడన్ని. లైను చివర మొదలై, ఒక్కో ఇల్లూ దాటుకుంటూ వస్తున్నాయి. ఏ ఇంటి దగ్గరా ఆగలేదు.

ఈ గుమ్మం ముందర ఆగాయి.

కొవ్వొత్తి ఆరిపోయింది. తలుపు తెరుచుకున్న చప్పుడేమీ లేదు. కానీ ఆ వాసన... తడి రాయి, మందుగుండు... గది నిండిపోయింది. ఊపిరాడనంతగా.

"అమ్మా" అంది షర్మిల. "ఎవురో నా మెడకాడ తడుముతాండారు."

ఎవాంజలిన్ పిల్లను ఒళ్ళోకి లాక్కుని మెడ మీద చెయ్యి వేసింది. చేతి కింద పూసలు తిరుగుతున్నాయి. ఒక్కొక్కటే... వేళ్ళతో లెక్కబెట్టి, నాది కాదని వదిలి, పక్కదాన్ని పట్టుకున్నట్టు. చల్లటి వేళ్ళేవో ఆమె వేళ్ళను పక్కకు నెట్టాయి. మెల్లగానే. దారం బిగిసింది.

"అమ్మా... నొప్పి..."

"విప్పు... ముడి విప్పు తల్లీ" అంది అవ్వ చీకట్లోంచి.

గోరు పెట్టింది, దిగలేదు. పళ్ళు పెట్టింది, కొస దొరకలేదు. తన పళ్ళతో తనే మొదలంటా కొరికేసింది కదా! పిల్ల గొంతులోంచి ఈల లాంటి శబ్దం వచ్చింది. తర్వాత అదీ రాలేదు. కాళ్ళు కొట్టుకుంటున్నాయి.

కత్తెర. యాడ పెట్టినాను? ఒడి... పీట... నేల... దొరికింది. ఆ చీకట్లో కన్నబిడ్డ గొంతు మీదికి కత్తెర పెట్టాలి. ఏ తల్లికీ వద్దు ఆ గతి. "మాతా, నా బిడ్డ... నా బిడ్డ" అంటూ దారం కిందికి మొన తోసింది. తోలు తెగింది. వెచ్చగా రక్తం తగిలింది. ఇంకా తోసి కత్తిరించింది.

దారం తెగింది.

పూసలు గచ్చు మీద రాలాయి. టప్... టప్... దొర్లాయి. దొర్లుతున్న ఒక్కో పూసా ఉన్నట్టుండి ఆగిపోతోంది. గోడకు తగిలి కాదు. ఎవరో వంగి తీసుకుంటున్నట్టు.

"ఏమయ్యా..." అవ్వ గొంతు పలచగా వినబడింది. "వచ్చినావా? నీది తీసుకోని పో. పసిబిడ్డయ్యా... భయపడతాది. పో..."

 తర్వాత బూట్లు కదిలాయి. చప్... చప్... లైను చివరికి. ఆ పైన వాన ఒక్కటే.

ఎవాంజలిన్ అగ్గిపుల్ల గీసి కొవ్వొత్తి వెలిగించింది. గచ్చు మీద ఒక్క పూస లేదు. షర్మిల రొప్పుతోంది. మెడ పక్కన చిన్న గాటు, అంతే. బతికుంది! ఎవాంజలిన్ పిల్లను గుండెకు హత్తుకుని బావురుమంది. అవ్వ కూడా ఏడ్చింది, ఎవరి కోసమో మరి. గాటుకు పసుపు అద్ది, ఎత్తుకుపోయి గని కంపెనీ నాటి ఇనప మంచం మీద పడుకోబెడితే పిల్ల క్షణంలో నిద్రపోయింది. ఇద్దరూ మంచం పక్కనే కూర్చుని జపం చెప్పుకున్నారు.

షర్మిల తండ్రి గాడ్విన్ బెంగళూరు రైలు దిగి తడిసి ముద్దయి వచ్చేసరికి ఇద్దరి ముఖాల్లోనూ నెత్తురు లేదు. భార్య మంచం చూపించింది.

"కిటికీ కింద పండబెట్టినావేమే? జల్లు కొడతాంటే!" అని పిల్లను ఎత్తుకోవడానికి వంగాడు.

ఎత్తలేకపోయాడు.

"ఏం తినిపించినావే దీనికి?" అని నవ్వి, మళ్ళీ వంగాడు. రెండు చేతులూ కిందికి పోనిచ్చి పట్టాడు. మెడ నరాలు తేలాయి. పిల్ల కదల్లేదు. రోజూ భుజం మీద కూర్చోబెట్టుకుని తిప్పే బిడ్డ. నవ్వు ఆగిపోయింది. ఎవాంజలిన్ వచ్చి కాళ్ళ వైపు పట్టింది. చిట్టి పాదం వెచ్చగానే ఉంది. అది కూడా లేవలేదు. షర్మిల ముఖం ప్రశాంతంగా, పెదవుల మీద సన్న నవ్వుతో నిద్రపోతోంది.

మంచం కిర్రుమంది.

గాడ్విన్ కొవ్వొత్తి కిందికి దించి చూశాడు. మంచం కోళ్ళు నాలుగూ సిమెంటు గచ్చులోకి జానెడు దిగి ఉన్నాయి. చుట్టూ గచ్చు ఎక్కడా పగల్లేదు.

"విప్పమని నేనే అన్నానే తల్లీ... ముడి విప్పినోళ్ళు గనిలోకి దిగాల గదా" అంది అవ్వ.

"పట్టుకో" అన్నాడు గాడ్విన్. "పాపను గట్టిగా పట్టుకో."

వాళ్ళు పట్టుకునే ఉన్నారు. మంచం ఇంకొంచెం దిగింది.