భూమి పండుగనాడు తవ్విన గుంట

"సారూ, నన్ను జైల్ల ఏస్తరంట!" అంటూ లక్మే గడప మీదే కూలబడింది.

కొంటా లాంటి చిన్న ఊళ్ళో డిటెక్టివ్ ఏమిటని నవ్వినవాళ్ళే కష్టమొస్తే కాశీవిశ్వనాథం గడప తొక్కుతారు. ఆయన సహాయకురాలు వినీత మంచినీళ్ళిచ్చి సంగతంతా రాబట్టింది.

ఎర్రబోరు అవతల లక్మే ఊళ్ళో పామాయిల్ తోటకని ఒక కంపెనీ భూములు లీజుకు తీసుకుంటోంది. అందరూ వేలిముద్రలు వేశారు, లక్మే తప్ప. నిన్న పొద్దున ఎవరో కంపెనీ నీటి పైపును తవ్వి తీసి నరికేశారు. అది లక్మే పనేనని దుకాణదారు దుర్గేశ్ సాక్ష్యం. కంపెనీకి భూములు కుదిర్చి పెట్టేది అతనే. చేను ఇస్తే ఫిర్యాదు ఉండదట.

"సచ్చిపోయిన మా ఆయన పేరున రాయి నిలబెట్టింది ఆ చేన్లనే అమ్మా. ఎట్ల ఇస్త?" అంది లక్మే.

ముగ్గురూ ఊరికి బయల్దేరారు. అక్కడ భూమి పండుగ రోజులు. చేలల్లో మనిషి లేడు. పారలు, గడ్డపారలు పసుపు పూసుకుని దేవర గుడి ముందు వరసగా ఉన్నాయి. వినీతకు వింతగా తోచింది.

దుర్గేశ్ టీ గ్లాసులను వేళ్ళ కొసలతో పట్టుకొచ్చి, "బహుత్ గరమ్ సాబ్" అన్నాడు. వినీత తాగితే గోరువెచ్చగా ఉంది.

"ఏం చూశారు?" కాశీవిశ్వనాథం అడిగాడు.

"నిన్న పొద్దున అందరి లెక్కనే చేన్ల పారతోని తవ్వుకుంటుండె. అదే పార పట్టుకొని పైపు కాడికి పోయింది. పక్కా!"

"నిరుడు ఈ పండుగకు ఊళ్ళో ఉన్నారా?"

"గిరాకీ ఉండదు సాబ్. ఏటా దుకాణం బంద్ చేసి జగదల్‌పూర్ పోత. ఈసారే కంపెనీ పని మీద ఉన్న."

సాయంత్రం కాశీవిశ్వనాథం ఊరివాళ్ళనూ, దుర్గేశ్‌నూ, కంపెనీ మేనేజర్ నరేష్‌నూ గుడి దగ్గర కూర్చోబెట్టాడు.

"పెద్దాయనా, నిన్న పార ఎవరు పట్టారు?"

"ఏంది సారూ ఆ మాట!" ఊరి పెద్ద ఉలిక్కిపడ్డాడు. "మొన్న పండగ మొదలైన కాడి నుంచి అయ్యేదంక ఇనుము మట్టిని తాకద్దు. పారలన్ని ఈడనే ఉన్నయి. తవ్వితే ఊరంత కలిసి తప్పు కట్టిస్తం."

"నిన్న ఊళ్ళో ఎవరూ తవ్వలేదు. లక్మే పార ఎత్తి ఉంటే ఊరంతా అడ్డుపడేది. దొంగే 'దొంగ దొంగ' అని అరిచాడు. తవ్వినవాడికి ఆచారమూ తెలియదు, పారా అలవాటు లేదు. దుర్గేశ్ గారూ, అరచేతులు చూపించండి."

దుర్గేశ్ చేతులు ముడుచుకున్నాడు. పక్కవాళ్ళు విప్పి చూస్తే బొబ్బలు చితికి ఎర్రగా ఉన్నాయి.

"నేనిట్లా చెయ్యమనలేదు," అన్నాడు నరేష్.

"ఆ ఒక్క చేను రాకుంటే కమీషనే లేదన్నది మీరే గద సార్!" దుర్గేశ్ ఏడ్చినంత పని చేశాడు.

లక్మే మీద ఫిర్యాదు చెయ్యబోమని నరేష్ అందరి ముందూ ఒప్పుకున్నాడు. వినీత తన గురువు వైపు గర్వంగా చూసింది. లక్మే మాత్రం నవ్వలేదు.

"నా చేను నాకు మిగిలింది సారూ. చుట్టూత ఆళ్ళ తోటే. రేపు బాటకు కంచె ఏస్తే నా చేన్లకు నేను ఎట్ల పోవాలె?"

కాశీవిశ్వనాథం ఆ ప్రశ్నతోనే నరేష్ వైపు తిరిగాడు. జవాబు తెలిసిన నరేష్ నేల చూపులు చూస్తున్నాడు.