రెండు గంటలకు ఉప్పల్ లైను

చిదంబరం టీ కప్పు ఎత్తాడు గానీ దించలేదు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా హోటల్లో, పట్టపగలు, పదిమంది చూస్తుండగా బల్లమీదికి ఒరిగిపోయాడు. జేబులో ఒకే ఒక్క చీటీ దొరికింది. "జనరేటర్ చూడండి."

అది 2012 సెప్టెంబరు, గురువారం, మధ్యాహ్నం పన్నెండు. గంట తిరక్కుండా ఏజెంట్ శశిధర్ హబ్సిగూడలో ఒక బ్యాటరీల షాపు మెట్లెక్కాడు.

"ఇన్వర్టర్ ఉందా?" అన్నాడు కౌంటర్లో మనిషి.

"ఉంది. నీళ్ళు పోయలేదు."

కోడ్ సరిపోయింది. వెనకగదిలో చీఫ్ జనార్ధనరావు కుర్చీ కూడా చూపించలేదు.

"ధ్రువ ఉపగ్రహాలు తెలుసుగా? ప్రపంచానికంతా దారి చూపే సిస్టమ్. పాతబడింది. ఈరోజు సరిగ్గా రెండు గంటలకు కొత్త సిగ్నల్, కొత్త గడియారం. ఆ టైము పంపేది మన ఉప్పల్ స్టేషన్. చిదంబరం అక్కడి క్లాక్ ఇంజనీరు."

"చంపిందెవరు?"

"విదేశీ ముఠా. ఇది చెడితే తమ సిస్టమ్ అమ్ముకోవచ్చని ఆశ. సెకనులో కోటో వంతు తప్పిందా, నేలమీద ముప్పై మీటర్లు తప్పినట్టే. లోపల గీతిక ఉంది. ముఠాలో మనం పెట్టిన మనిషి, సాయం చేస్తుంది." చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "ఇంకోటి. రెండూ రెండుకి టెస్ట్ ఫ్లైట్ దిగుతుంది. కాక్‌పిట్ అద్దాలకు నల్ల తెరలు. కొత్త సిగ్నలే కళ్ళు. రీడింగులు తీసే ఇంజనీరు..."

"చెప్పండి సార్."

"మీ ఆవిడ శారద."

ఇన్వర్టర్లో నీళ్ళు పోయమని వారం నుంచి మొత్తుకుంటున్నానని పొద్దున్నే పోట్లాడి వెళ్ళిందావిడ. శశిధర్ ఈరోజూ పోయలేదు.

"ఆపేయండి సార్!"

"పద్దెనిమిది దేశాల పని. చీటీ ముక్క చూపించి ఆపమనలేను. సాక్ష్యం తే."

ఒకటీ నలభైకి ఉప్పల్ స్టేషన్ జనరేటర్ గదిలోకి ఖాకీ చొక్కా, గుబురు మీసం, గ్రీజు చేతులతో ఒక మెకానిక్ వచ్చాడు. పొద్దుటి కరెంటు కోతకు నడిచిన జనరేటర్ ఇంకా సెగలు కక్కుతోంది. శశిధర్ టెస్టర్ తీశాడు. చూడ్డానికి స్క్రూడ్రైవరే, దొంగ సిగ్నల్ తగిలితే ఎర్రగా వెలుగుతుంది. ప్యానెల్ వెనక వెలిగింది. అరచేయంత నల్లటి డబ్బా, జనరేటర్ వైరుకే అతికి ఉంది. పీకితే వైరూ తెగుతుంది.

అతనికి అర్థమైంది. రెండింటికి కరెంటు కోత. యూపీఎస్ బ్యాటరీలను ఎవరో ముందే చంపేశారు. జనరేటర్ తిరగ్గానే డబ్బా మేల్కొని తప్పుడు టైము పంపుతుంది. జనరేటర్ ఆపేస్తే అసలు సిగ్నలే ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మిగిలిన దారి ఒక్కటే, కరెంటు పోకూడదు.

"ముహూర్తం నేనే పెట్టించిన శశీ. పేపర్ల కోతల టైమ్‌టేబుల్ జూసి."

గుమ్మంలో గీతిక. నెమలికంఠం రంగు చీర, చేతిలో సైలెన్సర్ పిస్తోలు.

"నువ్వు మన మనిషివి!"

"రెండు దిక్కుల ఉన్ననని మీ చీఫ్‌కు తెలుసు. ఎటు ఎక్కువనో తెల్వదు. లాలాపేట్ పిల్లనంటే నమ్మిండు, పాపం. ఇగ విమానం రేడియో గూడ చచ్చింది."

శశిధర్ చెయ్యి రేడియేటర్ మూత మీదే ఉంది. తిప్పాడు. ఆవిరి బుస్సున లేచింది. గీతిక కేక, వెంటనే తూటా. అతని ముంజేతిని కోసుకుపోయింది. ఆగకుండా పరుగెత్తి బైకెక్కాడు.

దారిలో చీఫ్‌కి ఫోన్ చేశాడు. "విమానానికి రేడియో అందట్లేదయ్యా!" అన్న గొంతు ఏడుస్తున్నట్టుంది. ఉప్పల్‌కు కరెంటిచ్చే సబ్‌స్టేషన్‌కి చేస్తే ఎంగేజ్. కోతల రోజుల్లో జనం తిట్లు పడలేక అక్కడ రిసీవర్ తీసి పక్కన పెడతారు. మెట్రో గుంతలు, లారీలు, నెత్తురోడే చెయ్యి. దేవుళ్ళందరికీ పేరుపేరునా మొక్కాడు. నీళ్ళు పోస్తాను శారదా, రోజూ పోస్తాను, దిగు చాలు, అని పైకే అన్నాడు.

ఒకటీ యాభై తొమ్మిదికి నాచారం సబ్‌స్టేషన్. ముసలి లైన్‌మన్ రామస్వామి గడియారం చూస్తూ హ్యాండిళ్ళ ముందు నిలబడి ఉన్నాడు.

"అన్నా, ఉప్పల్ లైను తియ్యకు! నా భార్య విమానంలో ఉంది. కరెంటు పోతే చచ్చిపోతుంది!"

"పెండ్లని ఒకడు, పరీక్షని ఒకడు. దినాం గిదే లొల్లి. విమానమంటివి, గిది కొత్తగున్నది."

"కాళ్ళు పట్టుకుంటానన్నా!" నిజంగానే పట్టుకున్నాడు.

"వాని మాట ఇనకు." ముఖం కందిపోయిన గీతిక లోపలికొచ్చి పిస్తోలు ఎత్తింది. "టైమయింది. తియ్యి!"

రామస్వామి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "తీస్త మేడమ్. జర ఆగుండ్రి." చెక్క కర్ర అందుకుని హ్యాండిల్ లాగాడు. దబ్‌మని చప్పుడు. నెత్తిమీద ఫ్యాను మెల్లగా ఆగిపోయింది.

అయిపోయింది. శశిధర్ నేలమీదే కూలబడ్డాడు. లేవాలన్న ఆశ కూడా లేదు. గీతిక ఆగిన ఫ్యాను వంక చూసి నవ్వింది, పిస్తోలు కాస్త దిగింది. అదే కర్రతో రామస్వామి ఆమె మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. పిస్తోలు బల్లకిందికి జారింది.

"లే సారు. ఉప్పల్ లైను మంచిగనే ఉన్నది. నేను తీసింది నాచారంది. గీ ఫ్యాను దానిమీదనే తిరుగుతది."

శశిధర్ పిస్తోలు అందుకుని గీతికకు గురిపెట్టాడు.

"పొద్దుగాల గీ మేడమ్ మిఠాయి డబ్బా దెచ్చి, ఉప్పల్ లైను సరిగ్గ రెండింటికే తియ్యమన్నది. ముప్పై ఏండ్ల నౌకరిల లేటుగ తియ్యమన్నోళ్లనే జూసిన. టైముకు తియ్యమన్న మనిషిని సూడలే. లాలాపేట్ పిల్లనట! గప్పుడే శక్ అయింది."

రెండూ ఐదుకి ఫోన్ మోగింది.

"దిగాం. రన్‌వే గీత మీదే, అంగుళం తేడా లేదు," అంది శారద. "నీళ్ళు పోశారా?"

శశిధర్ వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఫైలు మీద టాప్ సీక్రెట్ ముద్ర పడింది కాబట్టి నాచారం ఎందుకు చీకటైందో ఎవరూ చెప్పలేకపోయారు. వారానికి రామస్వామికి మెమో వచ్చింది. ఇకమీదట కరెంటు టైమ్‌టేబుల్ ప్రకారమే తీయాలట.