తప్పు దిద్దిన దొంగ

"దొంగ ఏమీ ఎత్తుకెళ్లలేదండీ. నా తప్పు దిద్ది వెళ్లాడు," అన్నాడు ఆ యువకుడు. డిటెక్టివ్ ఇచ్చిన మంచినీళ్లు గటగటా తాగేశాడు.

ఇళ్ల బొమ్మలు కంప్యూటర్‌లో కట్టి, లోపల తిరిగి చూస్తున్నట్టు వీడియోలు చేయడం అతని పని. కొత్త అపార్ట్‌మెంట్‌కు చేసిన వీడియోలో, కింది అంతస్తు సామాన్ల గదిలో మాత్రం తెల్లటి చుక్కలు మిణుగురుల్లా ఎగిరేవి. ఎంత తల బద్దలు కొట్టుకున్నా పోలేదు. నిన్న భోజనం చేసొచ్చేసరికి మాయం! బొమ్మలో ఆ గది బయటి గోడకు ఎవరో ఒక నల్ల పలక అంటించి వెళ్లారు.

"సంతోషించక భయమెందుకు?" అంది డిటెక్టివ్. అన్నిటికీ వంకలు పెడుతుందని ఆమెను అందరూ అత్తగారంటారు. వెంటే తిరిగే సహాయకుడి పేరు తోక. అతనికి ఆమె మాట వేదం.

"మా అక్క పిల్లలతో ఇవాళే సరిగ్గా ఆ గది పైనింట్లో దిగుతోందండీ. మనసు కీడు శంకిస్తోంది."

అతని ఆఫీసుకు వెళ్లి, బొమ్మలోని పలక తీయించింది అత్తగారు. బొమ్మలోని దీపాలన్నీ ఆర్పించినా చుక్కలు పోలేదు. సూర్యుణ్ని ఆర్పగానే పోయాయి.

కిటికీ లేని గదిలోకి ఎండెలా వస్తుందని తోక అడిగాడు. సన్నటి సందులోంచి గట్టి వెలుగు దూరితే లెక్క అందక, ఎక్కడో ఒక చుక్క భగ్గుమంటుందని యువకుడు వివరించాడు. ఆ గోడలు తను గీసినవి కావనీ, కట్టిన గోడలను యంత్రంతో కొలిచి తెచ్చినవనీ చెప్పాడు. అత్తగారి ముఖంలో నవ్వు మాయమైంది.

నిన్న ఆ భోజనం వేళ ఆఫీసులో ఉన్నది ముగ్గురు. చుక్కల మీద రంగు పూసేయమన్నానంతే అన్నాడు స్టూడియో యజమాని. అతను ఆ ఇంటి గడప తొక్కలేదు. బిల్డర్‌కు కంప్యూటర్ ముట్టుకోవడమే భయం, పైగా చుక్కలు అపశకునమంటాడు. కంప్యూటర్‌లో ప్లాన్లు గీసిన ఇంజనీరు మాత్రం చుక్కల మీద కూడా కేసులా అని ఎగతాళి చేశాడు.

అత్తగారు అందరినీ ఆ సామాన్ల గదికే రప్పించింది. పైన బీరువా ఈడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఈ అబ్బాయి రోజుల తరబడి వెతికినా సందు దొరకలేదు," అందామె. "పలక పెట్టినవాడు వెతకనే లేదు. తిన్నగా దాని మీదే పెట్టాడు. అంటే సందు ఎక్కడుందో అతనికి ముందే తెలుసు. బొమ్మలో కాదు, గోడలో. గోడా తెలిసి, కంప్యూటరూ తెలిసినవాడు మీలో ఒక్కడే. తోకా, లైటు తియ్యి."

గది చీకటైంది. కప్పు కింద, పచ్చి ఆరని సిమెంటు పూత మధ్యలోంచి, దారంలా పగటి వెలుగు.

"రెండుసార్లు పూడ్చానండీ," అన్నాడు ఇంజనీరు నీరసంగా. "పునాది కుంగుతోంది. చెబితే నా పేరు పోతుందని..."

"నీ పేరు కింద పిల్లల్ని పడుకోబెడతావా?" అంది అత్తగారు. తోకకు ఒళ్లు మండిపోయింది. బీరువా మళ్లీ కదిలింది. వెలుగు గీత మీంచి సున్నం పొడి రాలింది.

యువకుడు అప్పటికే మెట్లెక్కాడు. ఒక బిడ్డను వీపునా, ఒక బిడ్డను చంకనా వేసుకుని దిగాడు. చెప్పుల కోసం ఆగిన అక్కను "వద్దక్కా, రా," అని లాక్కొచ్చాడు. బిల్డర్ మిగతా తలుపులన్నీ బాదాడు.

అందరూ రోడ్డు దాటాక, సామాన్ల గదిలో పెద్ద బస్తా పడ్డట్టు చప్పుడైంది. వెంటనే పైనింటి నేల విరిగి, బీరువాతో సహా కిందికి దిగిపోయింది.

"ఏంట్రా అది?" అంది అక్క.

తమ్ముడు, ఇద్దరే అయినా, పిల్లల తలలు మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటున్నాడు.