గోల్ ముందు గీతలు

"నా ఐస్ ఎవడు గీకాడు?"

రెండు వేల ఖాళీ కుర్చీలు ఆ కేకను తిరిగి మా మీదికే విసిరాయి. ఫిన్లండ్ జాతీయ జూనియర్ ఐస్ హాకీ పోటీలు మా ఊళ్ళో మొదలైన రోజు అది. పొద్దుటి ఆట అవగానే హాల్లో ఐస్ చదును చేసే సైమి తన బండి నడిపి, నీళ్ళు పోసి, అంతా అద్దంలా చేసి భోజనానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి గోల్ ముందు అడ్డంగా గీతలు.

"కాలు జారకుండా ఇలా గీకేది గోల్‌కీపర్లే. ఇక్కడున్న గోల్‌కీపర్‌వి నువ్వే," అంటూ నా మీదికి వచ్చింది.

"నా పేరు నూత్తి."

"పేరు అడిగానా?"

"అడుగుతావేమోనని వారం నుంచి చూస్తున్నాను. గీతలు మాత్రం నావి కావు."

ఆమె చేతిలో సగం తిన్న యాలకుల బన్ను ఉంది. ముఖాన కొడుతుందనుకున్నాను. "అబద్ధం కూడా సరిగా రాదు నీకు," అని బండెక్కి వెళ్ళిపోయింది. తిట్లు తిని అంత సంబరపడ్డవాడు ఆ ఊళ్ళో ఇంకొకడు ఉండడు.

రెండో రోజు మళ్ళీ గీతలు పడ్డాయి. అప్పుడు నేను జట్టుతో కలిసి భోజనం చేస్తున్నాను. మూడో రోజూ అంతే. ఫైనల్ నాడు ఐస్‌లో ఏ లోపం కనిపించినా బండి తాళాలు తీసేసుకుంటానని హాలు మేనేజరు సైమికి తెగేసి చెప్పాడు.

"ఇవాళ నాతో కాపలా కూర్చో," అంది నాలుగో రోజు. "దొంగ పక్కనే ఉంటే దొంగతనం జరగదుగా." ఆపైన గొంతు తగ్గించి, "ఒక్కదాన్నే చూడలేను," అంది.

ముందు వరసలో కూర్చున్నాం. మిట్టమధ్యాహ్నమే అయినా హాల్లో సగం దీపాలే వెలుగుతున్నాయి. ఫ్లాస్కులో కాఫీ పంచుకున్నాం.

"చలేస్తోందా?" అన్నాను.

"దగ్గరికి జరగడానికి అదో సాకు."

"అవును."

నవ్వబోయి ఆగిపోయింది.

గర్ర్... గర్ర్...

గోల్ దగ్గర ఎవరూ లేరు. తెల్లటి గీత ఒకటి కుడి స్తంభం నుంచి ఎడమకు పాకింది. దాని వెనకే ఇంకొకటి. గీకిన పొడి స్తంభం మొదట్లో కుప్పగా చేరింది. ఆ తర్వాత ఏదో కర్ర రెండు స్తంభాలనూ తట్టింది. టంగ్. టంగ్. నేను సిద్ధం, నాకు సమ్మతమే అని చెప్పడానికి గోల్‌కీపర్లందరం చేసే పనే అది. కాఫీ ఒలికి మోకాలు కాలినా తెలియలేదు.

సైమి నా చెయ్యి పట్టుకుంది. "మా అన్నయ్య," అంది. "కుడి నుంచి గీకేది వాడొక్కడే."

ఒయివా ఫోటో ఇప్పటికీ మా జట్టు గదిలో ఉంది. మూడేళ్ళ కిందట, ఫైనల్‌కి రెండు రోజుల ముందు, సరస్సు మీద ఐస్ విరిగి మునిగిపోయాడు. అతను లేకుండానే ఆడి మా జట్టు ఓడిపోయింది.

"రోజూ నీళ్ళు పోసి వాణ్ణి చెరిపేస్తున్నాను, నూత్తీ," అని ఏడ్చింది.

"రేపు చెరపకు."

"బండి పోతుంది."



ఫైనల్‌కు ముందు ఐస్ అంతా సరిచేసింది సైమి. ఆ గోల్ దగ్గరికి రాగానే బండి పక్కకు తిప్పి, గీతలున్న చోటు వదిలేసింది. మేనేజరు ముఖం కందగడ్డ అయింది.

ఆట సమమై పెనాల్టీ షాట్ల దాకా వెళ్ళింది. నేను నిలబడాల్సింది ఆ గోల్‌లోనే. "ఒరేయ్, గీకరా," అని కోచ్ క్యోస్తి అరుస్తున్నాడు. నేను గీకలేదు. అక్కడున్న గీతల్లోనే కాళ్ళు పెట్టాను.

ఆఖరి షాట్. అవతలి జట్టువాడు ఎడమకు కొడతాడనుకుని అటు దూకబోయాను. కుడికాలు రాలేదు, చీలమండ దగ్గర ఎవరో పట్టుకున్నట్టుంది. రబ్బరు బిళ్ళ, పక్, కుడివైపే దూసుకొచ్చి ఆ కాలికే తగిలింది.

గెలిచాం.

జనం వెళ్ళిపోయాక సైమి ఆఖరిసారి బండి తీసింది. తెల్లారితే తాళాలు ఇచ్చేయాలి. సంచి భుజాన వేసుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను.

"మొదటి రోజు గీతలు నావే," అన్నాను. "తిట్టడానికైనా నావైపు చూస్తావని."

"తెలుసు. అవి ఎడమ నుంచి మొదలయ్యాయి."

"మరి తెలిసీ ఊరుకున్నావా?"

"నీచేత ఒప్పిస్తే మన గొడవ అక్కడితో అయిపోతుందిగా," అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "చిన్నప్పట్నుంచీ వాడి మీదే అలా అరిచేదాన్ని, నా ఐస్ ఎవడు గీకాడని. మూడేళ్ళ తర్వాత మొన్నే మళ్ళీ అరిచాను. తననే పిలిచాననుకున్నాడు."



ఆమె గోల్ వైపు తిరిగింది. "బాగా ఆడావు అన్నయ్యా. ఇంక వెళ్ళు." బండి మెల్లగా ఆ గీతల మీదుగా పోయింది. వెనక తడి ఐస్ మెరిసింది.

బండి షెడ్డులో పెట్టి ఇద్దరం గేటు వైపు నడిచాం. "నువ్వంటే నాకు చాలా ఇష్టం, సైమీ," అన్నాను.

ఆమె నోరు తెరిచేలోపే చీకటి పడ్డ ఐస్ మీంచి వినిపించింది.

టంగ్. టంగ్.

నా కర్ర నా సంచిలోనే ఉంది. ఇద్దరం వెనక్కి చూడలేదు. సైమి నా చేతిలో చెయ్యి పెట్టింది.

"మా ఇంట్లో ఒప్పుకున్నారు," అంది.