వాల్వు మీద మూడు దెబ్బలు

ఆ సందులో చివరి ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. దాని కిటికీ సందులోకే ఉంటుంది. చీకటి పడ్డాక ఆ కిటికీ పక్కగా నడవాల్సిన వాళ్ళు అవతలి గోడ వారకి జరిగిపోతారు. ఎందుకని అడిగితే కుక్కలుంటాయంటారు. ఆ సందులో కుక్కల్లేవు.

షెడ్డుకు చెడ్డపేరు వచ్చి పదకొండేళ్ళయింది. చప్పుడు మొదలై నెలే అయింది. జనం ఈ రెంటినీ కలిపేసి, పదకొండేళ్ళుగా వింటున్నామని చెప్పుకుంటున్నారు.

చెవులారా విన్నామన్నవాళ్ళు ముగ్గురు. అందులో ఒకడు, విన్నవాడి దగ్గర విన్నవాడు. ఇంకొకడికి కుడిచెవి పనిచేయదు, కిటికీ ఉన్నదేమో కుడివైపే. ఇక మిగిలింది ఆ ఇంటావిడ ఒక్కతే. ఆమె కల్లలాడే మనిషి కాదు. దెయ్యాలంటే ఆమెకు భయం కన్నా విసుగెక్కువ.

ఆమె చెప్పింది ఇదీ. రాత్రి తొమ్మిదింటికి మొదట సన్నగా ఝుమ్మని... డబ్బాలో తేనెటీగ పడ్డట్టు. కాసేపటికి గాజును పెన్సిలుతో కొట్టినట్టు టింగ్... టింగ్... టింగ్. ఖచ్చితంగా మూడు. తర్వాత నిశ్శబ్దం. ఎవరో జవాబు కోసం చెవి ఒగ్గి కూర్చున్నట్టుండే నిశ్శబ్దం.

ఆమె భయపడలేదు. మరిదికి ఫోన్ చేసింది.

"మీ అన్న షెడ్డులో యాంప్ మోగుతోంది."

"ఎవరు ఆన్ చేశారు వదినా?"

"తాళంచెవి పదకొండేళ్ళుగా నీ దగ్గరుంది. నన్నడుగుతావేం?"

*

మరిది చెవిటి మిషన్లు బాగుచేస్తాడు. ఒకటిన్నర వోల్టు దాటిన వస్తువును పదకొండేళ్ళుగా చేత్తో ముట్టలేదు. ఇంట్లో బల్బు మాడిపోయినా భార్యే మారుస్తుంది. "మా ఆయనకు కరెంటంటే గౌరవం" అని ఆమె చుట్టాలతో అంటుంది.

ఒకప్పుడు అలా కాదు. అన్నా తానూ కలిసి ఆ షెడ్డులో గిటార్లకు వాల్వు యాంప్లిఫయర్లు కట్టేవారు. వాల్వంటే పూర్వపు రేడియోల్లో వెలిగే గాజుబుడ్డే. లోపల ఒక తీగ ఎర్రగా కాలుతుంది, దాని చుట్టూ సన్నటి జాలీ, ఆ చుట్టూ రేకు. గిటారు తీగ నుంచి వచ్చే చీమంత కరెంటు ఆ జాలీ దగ్గర కాపలా కాస్తూ, కాలే తీగ నుంచి రేకుకు పోయే ఏనుగంత కరెంటును అదిలిస్తుంది. ప్రపంచమంతా వదిలేసిన ఈ యంత్రాన్ని గిటారు వాయించేవాళ్ళు మాత్రం వదల్లేదు. అన్న దానికి కారణం ఒక్క ముక్కలో చెప్పేవాడు.

"శక్తికి మించి పని చెబితే ట్రాన్సిస్టర్ అరుస్తుందిరా. వాల్వు పాడుతుంది."

అయితే ఆ పాటకు నాలుగొందల వోల్టులు కావాలి. వాటిని దాచిపెట్టేవి కండెన్సర్లు. ప్లగ్గు పీకేసినా, స్విచ్చు ఆపేసినా ఆ వోల్టులు వాటిలో చాలాసేపు ఉండిపోతాయి. చచ్చిందనుకున్న పాము లాంటివి.

అందుకే షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. యాంప్ ఎవరు విప్పినా మొదట కండెన్సర్లను ఖాళీ చేయాలి. ఆ వెంటనే రెండు కొనలా కరిచిపట్టే క్రొకడైల్ క్లిప్పులున్న ఎర్రవైరును పెద్ద కండెన్సర్‌కూ యాంప్ అడుగున ఉండే ఇనప పళ్ళేనికీ మధ్య తగిలించి వదిలేయాలి. పని పూర్తయ్యేదాకా తీయకూడదు. ఎర్రవైరు ఉందంటే యాంప్‌లో చుక్క కరెంటు లేదని రెండో మనిషికి కబురు. ఇద్దరూ ఒకే యాంప్ మీద వంతులవారీగా పనిచేసే చోట అంతకన్నా నమ్మకమైన రసీదు లేదు.

పదకొండేళ్ళ కిందట, ఆ రోజు యాంప్ విప్పింది తమ్ముడే. మధ్యలో సామాన్ల కోసం బజారుకు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అన్నను ఆసుపత్రికి తీసుకుపోయారు. యాంప్ ముందు స్క్రూడ్రైవరుతో ఒరిగిపోయి కనబడ్డాడట. గుండె ఆగిందన్నాడు డాక్టరు. షాకు కొట్టి ఆగిందా, తనంతట తానే ఆగిందా అంటే, "ఆగిన గుండె కారణం చెప్పదండీ" అన్నాడు.

ఎర్రవైరు తగిలించాడా, లేదా?

తమ్ముడికి గుర్తులేదు. రోజూ చేసే పని ఆ రోజు చేశామో లేదో మనిషికి గుర్తుండదు. తాళం వేశామా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. తమ్ముడు మాత్రం వెనక్కి రాలేదు. యాంప్ తెరిచి చూస్తే తెలిసిపోతుంది. తెలియకపోవడం మీదనే పదకొండేళ్ళుగా కాలం గడుపుతున్నాడు.

*

రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చాడు. వదిన టార్చీ పట్టుకుని పెరట్లోనే నిలబడి ఉంది.

"నిజంగానే వచ్చావే. దెయ్యం పిలిస్తే గానీ రావన్నమాట, మరిదిగారు."

"దెయ్యం లేదు వదినా. ఉన్నదల్లా కరెంటు. ఈ మధ్య ఇంట్లో వైరింగ్ పని చేయించారా?"

"పోయిన నెల. పెరటి లైటు వెలగడంలేదని ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను."

"షెడ్డు లైను కూడా ఆ స్విచ్చుకే కలిపేసి ఉంటాడు. మీరు పెరటి లైటు ఎన్నింటికి వేస్తారు?"

"...తొమ్మిదింటికి. తలుపులు వేసేముందు."

"అదీ సంగతి. దెయ్యం స్విచ్చు మీ చేతిలోనే ఉంది."

"మరి యాంప్ ప్లగ్గు?"

"అదే నేనూ అడగబోతున్నాను."

ఆమె గొంతు తగ్గించింది. "నేనే పెట్టాను. ఆయన పోయిన వారానికి షెడ్డులోకి వచ్చాను. యాంప్ వెనక అంతా తెరుచుకుని, పేగులు బయటపడ్డట్టు ఉంది. చూడలేక వెనకవైపు చెక్క బిగించేశాను. వైరు కాళ్ళకు అడ్డం పడుతుంటే ప్లగ్గు దాని కంతలో పెట్టేశాను. అప్పటికి షెడ్డు ఫ్యూజు పీకేసే ఉందిగా."

"లోపల ఏమైనా ముట్టుకున్నారా?"

"నాకేం తెలుసయ్యా లోపల? రంగురంగుల వైర్లు. నాలుగు మరలు బిగించాను, తాళం వేశాను, చెవి నీకిచ్చాను."

తాళం తుప్పు పట్టింది. నూనె చుక్క వేసి, రెండుసార్లు తిప్పితే వచ్చింది. లోపల బల్ల, సోల్డరు తుంపులు, గోడకు వేలాడుతున్న పనిముట్లు... మూలన యాంప్. దాని స్విచ్చు ఆన్‌లోనే ఉంది.

తొమ్మిదయింది. వదిన వెళ్ళి పెరటి లైటు వేసి వచ్చింది.

ముందు ఏమీ లేదు. తర్వాత యాంప్ వెనక గోడ మీద నారింజ రంగు వెలుగు మెల్లగా తేలింది. ఝుమ్మన్న మోత మొదలైంది. తమ్ముడు తల పంకించాడు. అన్నీ లెక్కప్రకారమే ఉన్నాయి. 

టింగ్...

టింగ్...

టింగ్.

వదిన అతని మోచేయి పట్టుకుంది. "విన్నావా?" గుసగుసగా అంది.

"పాతబడ్డ వాల్వు వదినా. లోపల జాలీ వదులైతే మైకులా పనిచేస్తుంది. వాల్వుకు చెవులొచ్చాయనేవాడు అన్న. పగలంతా కాగిన పైకప్పు రేకు రాత్రి చల్లబడి టక్కుమంటుంది, అది గంటలా మోగుతుంది."

"రేకు మూడుసార్లే ఎందుకంటుంది?"

"ఎన్నోసార్లు అంటుంది. జనం మూడు దగ్గర ఆపేస్తారు."

ఈ మాట ఆమెనూ నమ్మించలేదు, అతన్నీ నమ్మించలేదు. ఎందుకంటే ఆ మూడు దెబ్బలు ఏమిటో ఇద్దరికీ తెలుసు.

అన్న వాల్వులను అలాగే పరీక్షించేవాడు. పెన్సిలు వెనకవైపుతో ఒక్కో వాల్వునూ మూడుసార్లు తట్టేవాడు. తమ్ముడు స్పీకరుకు చెవి ఆనించి వినేవాడు. నోటితో జవాబు చెబితే ఆ మాట కూడా యాంప్‌లో మోగుతుంది కనక, పెట్టెను వేలి కణుపుతో కొట్టేవాడు. ఒక్క దెబ్బంటే మంచిది. రెండంటే పారేయ్. ఆ జవాబు వచ్చేదాకా అన్న పెన్సిలు కింద పెట్టేవాడు కాదు.

*

తమ్ముడు ప్లగ్గు పీకాడు. వెలుగు ఆరింది, మోత తగ్గిపోయింది. కరెంటు పోతే యాంప్ ఆగింది. శాస్త్రం తన మర్యాద నిలబెట్టుకుంది.

నాలుగు మరలు విప్పాడు. చెక్క తీసేముందు ఎడమచేతిని వెనక జేబులో పెట్టుకున్నాడు. రెండు చేతులూ ఒకేసారి లోపల పెడితే కరెంటు గుండె మీదుగా పోతుందని చిన్నప్పుడే అన్న నేర్పిన పద్ధతి. పదకొండేళ్ళు ఆ పని మానేసినా చెయ్యి మరిచిపోలేదు. దానంతట అదే జేబులోకి పోయింది.

చెక్క పక్కన పెట్టాడు. "వదినా... టార్చీ ఇటు."

వెలుగు లోపల పడింది.

పెద్ద కండెన్సర్‌కూ ఇనప పళ్ళేనికీ మధ్య, దుమ్ము పట్టి, ఎర్రవైరు ఉంది.

అతను అక్కడే నేల మీద కూర్చున్నాడు.

"ఏమైందయ్యా?"

"తగిలించే వెళ్ళాను వదినా."

ఆమెకు వైర్ల సంగతి తెలియదు. పదకొండేళ్ళుగా మరిది ఇంట్లో అడుగుపెట్టకపోవడానికి కారణం మాత్రం తెలుసు. టార్చీ వైరుకు ఇంకా దగ్గరగా పట్టింది.

"అయితే ఆయన్ను..."

"కరెంటు ముట్టుకోలేదు. ఇది తగిలి ఉంటే లోపల ముట్టుకోవడానికి కరెంటే ఉండదు. గుండే ఆగింది."

"ఆ మాట నేను ఆనాడే అన్నాను. నువ్వు వినిపించుకుంటేనా? చెవులు బాగుచేసేవాడివి, పేరుకి."

అతనికి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఎర్రవైరు తగిలి ఉన్న యాంప్ మోగదు.

బలహీనంగా కూడా మోగదు. ఆ నాలుగొందల వోల్టులు పుట్టీపుట్టగానే వైరు గుండా ఇనప పళ్ళేనికి పోతాయి. వాల్వుకు చుక్క కూడా అందదు. ఆ ధాటికి యాంప్ ఫ్యూజు రెప్పపాటులో మాడిపోవాలి.

తుప్పు పట్టి క్లిప్పు తగలడం లేదేమోనని వెంట తెచ్చిన మీటరు పెట్టి చూశాడు. మధ్యలో అడ్డేమీ లేదన్నట్టు ముల్లు సున్నా మీదకు వచ్చి నిలబడింది. బ్రహ్మాండంగా తగులుతోంది. యాంప్ ఫ్యూజు విప్పి టార్చీకి అడ్డంగా పట్టాడు. గాజు లోపల నల్లగా మాడి, తీగ లేదు. ఎలక్ట్రీషియన్ లైను కలిపిన మొదటి రాత్రే పోయి ఉంటుంది. నెల కిందట.

ఇక ఒక్క పరీక్ష మిగిలింది. వెలిగి ఆరిన వాల్వులో పది నిమిషాల దాకా వేడి మిగులుతుంది. ఇది ఆరి అయిదు నిమిషాలు కూడా కాలేదు. వేలి వెనకభాగం మెల్లగా ఆనించాడు.

రాతిలా చల్లగా ఉంది.

అన్నిటినీ లెక్కగా చూసే మనిషి గనక దీన్నీ అలాగే చూశాడు. తాను ఇందాక విన్నది నిజమైతే ఎర్రవైరు ఉండకూడదు, అంటే అన్నను చంపింది తానే. ఎర్రవైరు నిజమైతే తాను ఇందాక విన్నది... రెంటిలో ఒక్కటే ఉండాలి. కానీ వైరు కళ్ళెదుట ఉంది.

"వదినా, ఇందాక మీరూ విన్నారు కదూ?"

"నేను నెలనుంచీ వింటున్నాను. ఏం, మోగకూడదా?"

"మోగకూడదు."

"ప్లగ్గు తీసేశావుగా. ఇక మోగదులే."

ప్లగ్గు అతని కాళ్ళ దగ్గర నేల మీద ఉంది. మాడిన ఫ్యూజు బల్ల మీద ఉంది. 

టింగ్...

టింగ్...

టింగ్.

తర్వాత ఆ నిశ్శబ్దం.

వదిన గుసగుసగా, దాదాపు మామూలుగా అంది. "నెలనుంచీ అడుగుతున్నాడు. ఏదో ఒకటి చెప్పు."

తమ్ముడు ఎడమచేతిని జేబులోంచి తీశాడు. స్పీకరుకు చెవి ఆనించాడు. వేలి కణుపుతో యాంప్ పెట్టెను ఒక్కసారి కొట్టాడు.

లోపల ఎవరో పెన్సిలు బల్ల మీద పెట్టిన చప్పుడయింది.