ఎర్ర కారు బొమ్మ కార్డు

కీర్తన మిరపకాయల తొడిమలు తీస్తోంది. నరసరావుపేటలో సుబ్బలక్ష్మి గారి పంచలో, ఐదుగురు కూలీల మధ్య, ఆరు రోజులుగా అదే పని. తలకు చుట్టిన గుడ్డ కింద చెవిలో చిక్కుడు గింజంత ఇయర్‌పీస్ ఉంది.

"టైమ్ పదీ పది," చీఫ్ ఆనంద్ బాబు గొంతు పలికింది. "పదిన్నరకు అవతలి దేశంలో రిసీవర్ తెరుచుకుంటుంది. ఒక్క నిమిషం. ఆ తర్వాత లింక్ చచ్చినట్టే."

కీర్తన చిన్నగా దగ్గింది. విన్నానని గుర్తు.

టార్గెట్ మేడ మీద అద్దెకుంటోంది. పేరు నిహారిక. డిపార్ట్‌మెంట్‌లో పేరున్న ఏజెంట్, ఏడాదిగా విదేశీ ముఠాకు అమ్ముడుపోయిన మనిషి. కొత్త బ్యాచ్‌లో వచ్చిన కీర్తన మొహం ఆమెకు తెలియదు. సొంతూరు మాచవరమని, పాత వీడియో గేములంటే ఇష్టమని నిహారిక ఇంటివాళ్లతో చెప్పుకుంది. టీవీ కింద ఆమె పెట్టుకున్న పెట్టె వాటిని ఆడటానికే తయారైంది. అందులో లాంచర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. బొమ్మ ఉన్న కార్డును రీడర్ మీద ఆనిస్తే చాలు, ఆ ఆట మొదలవుతుంది. కార్డులు రెండు వందలు. వాటిలో ఒకటి మాత్రం ఆటను తెరవదు. ఒక ఫైలును సరిహద్దు దాటిస్తుంది. అవతల మన కోసం పనిచేసే పదకొండు మంది పేర్లు, అడ్రసులు ఆ ఫైలులో ఉన్నాయి.

ఫోన్లు, లాప్‌టాప్‌లు వెతికేవాళ్లు ఆటల పెట్టె జోలికి రారని ముఠా ధీమా.

"ముందే పట్టుకుంటే ఏ కార్డో చెప్పదు. తర్వాత ఇంకొకడొచ్చి ఆనిస్తాడు. కార్డు ఆమే చూపించాలి." చీఫ్ బ్రీఫింగ్ అంతే.

నమ్మకం కోసం నిహారిక ముఠాకు ముందుగా ఒక పేరు పంపింది. మహమూద్. ఒకప్పుడు సరిహద్దు అవతల కాలికి తూటా తగిలిన ఆమెను తొమ్మిది రోజులు ఇంట్లో దాచి, తన పిల్లల పాలు ఆమెకు పోసినవాడు. అడ్రసు తర్వాత ఇస్తానంది. ఆ సంగతి చదివిన రోజు కీర్తనకు అన్నం సయించలేదు.

మెట్ల మీద సెంటు వాసన. పట్టు కుర్తాలో నిహారిక దిగింది.

"ఆంటీ, టీ ఉందా?"

"పెడతన్నా, కూర్చో. మీ మాచవరంలో కోతలయినయ్యా?" అంది సుబ్బలక్ష్మి.

"అయిపోయినయ్ ఆంటీ. మాది చానా పెద్ద మిరప తోట."

కీర్తన గంప ముందుకు తోసింది. "అయితే టీ వచ్చేలోపు నాలుగు తీయరాదూ అక్కా."

"నీకంటే జోరుగా తీస్తా, చూడు."

రంగు గోళ్లతో గుప్పెడు కాయలు తుంచింది. టీ తాగింది. పదీ ఇరవై ఏడుకు రుమాలుతో వేళ్లు తుడుచుకుని పైకి వెళ్లింది. మజ్జిగ అడగలేదు. ఇక్కడ చిన్న పిల్ల కూడా మిరపకాయ తాకిన చెయ్యి మజ్జిగతో కడగందే మొహం మీదికి పోనివ్వదు.

టీవీ ముందు కూర్చోబోయే ప్రతిసారీ నిహారిక వేలితో కంటి లెన్సులు సర్దుకుంటుంది. ఆరు రోజులుగా నీళ్లు మోసే వంకతో పైకెళ్లి కిటికీలోంచి కీర్తన అది చూస్తూనే ఉంది.

పైన కుర్చీ పడింది. "ఎవరైనా నీళ్లు తీసుకురండి."

కీర్తన చెంబుతో పరిగెత్తింది. గదిలో నూడుల్స్ గిన్నె బూజు పట్టి ఉంది. నిహారిక రెండు కళ్లూ మూసుకుపోయాయి. లెన్సు ఒకటి చెంప మీద, చీమిడిలో అంటుకుని ఉంది.

"ఎవరు, కూలి పిల్లేనా? చదువొచ్చా?"

"రాదక్కా."

"మంచిది. ఆ ట్రేలో ఎర్ర కారు బొమ్మ కార్డుంటది. ఇవ్వు. తొందరగా."

గడియారంలో పదిన్నర. అన్ని కార్డులూ వేళ్ల జిడ్డుతో నల్లబడ్డాయి. ఎర్ర కారు మాత్రం నిగనిగలాడుతోంది. కీర్తన దాన్ని నడుములో దోపుకుని పక్క కార్డు అందించింది.

నిహారిక తడుముకుంటూ రీడర్ మీద ఆనించింది. టీవీలోంచి హుషారుగా పీపీ సంగీతం మోగింది.

"ఏందిది?"

"కప్ప అక్కా. ఆకుల మీద గెంతుతంది."

నిహారిక ట్రే మీద పడింది. కార్డులన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి.

"పదీ ముప్పై ఒకటి," అన్నాడు చీఫ్. "లింక్ పోయింది."

"తొడిమ ఊడింది సార్. కార్డు నా దగ్గరుంది."

కోడ్ మాట విని నిహారిక గోడకు జారగిలబడింది. "మహమూద్ విషయంలో నన్ను బలవంతం..."

"వాళ్ల పిల్లల పాలు తాగావు," అంది కీర్తన. ఇంకేమీ వినాలనిపించలేదు.

మిర్చి బేరగాళ్ల వేషంలో బయట ఉన్న ఇద్దరు నిహారికను చెరో రెక్కా పట్టి దించారు. సుబ్బలక్ష్మి నోరు నొక్కుకుంది.

"కంట్లో పెట్టుకుందా? తోటంట, చానా పెద్ద తోటంట."

కీర్తన మజ్జిగతో మూడుసార్లు చేతులు కడిగింది. కారం పోయింది. కళ్లు తెరవలేని మనిషికి కప్ప కార్డు అందించిన వేళ్లను మాత్రం కొంగుకు తుడుస్తూనే ఉంది.

"ఏమే, గంప సగం కూడా కాలేదు. యాడికి?" అంది సుబ్బలక్ష్మి.

కీర్తన చెప్పులేసుకుని గేటు దాటింది. మేడ మీద టీవీలో కప్ప ఒక్కటే ఆడించేవాళ్లు లేక ఆకు మీద కూర్చుని ఉంది.